యాభై రెండు పుస్తకాలూ సగం మీసమూ

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. కోపం వస్తే నాకు మాట ముందు బయటికి వస్తుంది, ఆలోచన ఆ తర్వాత తీరిగ్గా బయల్దేరుతుంది. ఆ జనవరిలో జరిగిందీ అదే.

నేను తెనాలిలో ఉంటాను. రేపల్లెలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కడం, సాయంత్రం మళ్ళీ పాసింజరులోనే తెనాలి చేరడం, పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే ఆయనది కూడా తెనాలే. కాబట్టి రైల్లో కూడా నా పక్కనే కూర్చుంటాడు. ఆయన్ని నేను పక్కసీటాయన అనే అంటాను. మంచివాడే గానీ ఒక జబ్బుంది. ఏం చేసినా ఫోన్లో ఎక్కిస్తాడు. ఎన్ని అడుగులు నడిచాడు, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, అన్నీ అందులో ఉంటాయి. కొత్త సంవత్సరం వచ్చిన వారంలో, టీ టైములో, ఆ ఫోన్ తెరిచి అందరికీ ఒక గుండ్రటి బొమ్మ చూపించాడు.

"పోయినేడాది నలభై పుస్తకాలు టార్గెట్ పెట్టుకున్నానండి. నలభై ఒకటి అయినయ్" అన్నాడు.

అందరూ అబ్బో అన్నారు. నేను కూడా అబ్బో అని ఊరుకుంటే పోయేది. కానీ ఆయన నా వైపు తిరిగి, "మీకీ పుస్తకాల గొడవే లేదు కదండీ, హాయి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నలభై ఓ లెక్కాండీ? ఈ ఏడాది నేను యాభై రెండు చదువుతాను. చదవకపోతే సగం మీసం తీయించుకుంటాను" అన్నాను.

గదిలో టీ గుటక వేసే చప్పుడు కూడా ఆగిపోయింది. మా వైపు మీసం పందెం అంటే ఆషామాషీ కాదు. ఇంకేది పందెం కాసినా తర్వాత బతిమాలుకోవచ్చు, మీసం కాసినవాడు బతిమాలుకుంటే ఆ మీసం ఉన్నా లేనట్టే. యాభై రెండే ఎందుకన్నానో నాకే తెలియదు. ఎదురుగా గోడకి క్యాలెండరు వేలాడుతోంది, వారాలు లెక్కపెట్టి ఉంటాను. పక్కసీటాయన ఆ అంకెను వెంటనే ఫోన్లో ఎక్కించాడు.

"మరి నేను నెగ్గితే మీరేం తీయించుకుంటారు?" అని గద్దించాను. గద్దించాక చూస్తే ఆయనకి అసలు మీసమే లేదు. అరగంట చర్చ జరిగి, నేను నెగ్గితే ఆయన మీసం పెంచాలని తేలింది.

నా మీసం సంగతి ఇక్కడ చెప్పాలి. అది సోకుకి పెంచింది కాదు. నేను గ్రహణం మొర్రితో పుట్టాను. పై పెదవి చీలి ఉండేదట. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరిగిందని, అందుకే పిల్లాడు ఇలా పుట్టాడని బాపట్లలో మా వీధి వీధంతా తీర్పు చెప్పింది. అమ్మ కూడా ఆ తీర్పునే నమ్మింది. పసితనంలోనే ఆపరేషను చేసి పెదవి కుట్టారు. కుట్టు మచ్చ ఉండిపోయింది, మాట కొంచెం ముక్కులోంచి వచ్చేది. ఏడో తరగతిలో తెలుగు మాస్టారు రోజుకొకడిని లేపి పాఠం పైకి చదివించేవారు. నా వంతు వచ్చింది. రెండు వాక్యాలు చదివేసరికి క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. పిల్లలు నవ్వినందుకు కాదు, ఆయన అలా తిరిగినందుకు నాకు ఇప్పటికీ కోపమే. ఆ రోజు నుంచి నేను ఎవరి ముందూ పైకి చదవలేదు. పోనుపోను లోపల చదవడం కూడా మానేశాను, పరీక్షలకి తప్ప. పదిహేడో ఏట మీసం దట్టంగా వచ్చి మచ్చను కప్పేసింది. ముప్ఫై మూడేళ్ళుగా ఆ మచ్చను ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు. మా ఆవిడకి సంగతి తెలుసు గానీ ఆవిడా పెళ్ళిచూపుల నుంచీ చూసింది మీసాన్నే. అలాంటి మీసాన్ని తీసుకెళ్ళి టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.

"చదువుతానంటే సంతోషమేగానండీ, మనింట్లో ఉన్న ఒక్క పుస్తకం గ్యాసు బుక్కు" అంది.

మర్నాటికి ఈ వార్త రైలెక్కింది. మా పెట్టెలో రోజూ మాతో పాటు మరో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు పంతులుగారు, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో పూజలూ వ్రతాలూ చేయిస్తారు. ఇంకొకరు టీచరుగారు, భట్టిప్రోలు బడిలో పాఠాలు చెబుతారు, ఆదివారం లూథరన్ చర్చిలో పిల్లలకి కూడా ఆవిడే చెబుతారు. ఆవిడ ఎదుట ఎవరైనా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు. పందెం సంగతి విని ఆవిడ మూడో రోజు ఒక కొత్త హాజరు పట్టీ తెచ్చారు, బడిలో పిల్లల పేర్లు రాసేలాంటిది. అందులో విద్యార్థిని నేనొక్కణ్ణే.

"ఫోన్లో ఎవరేం నొక్కుకుంటారో మనకేం తెలుసండీ? రాత ఉండాలి" అన్నారు. ఒక గడి పుస్తకానికి, ఒకటి పేజీలకి, ఒకటి ఆవిడ సంతకానికి. ప్రతి శనివారం నాకు హాజరు పిలిచేవారు. వారంలో పుస్తకం పూర్తికాకపోతే ఎర్ర సిరాతో 'గై' అని రాసేవారు. గైర్హాజరు. యాభై ఏళ్ళవాణ్ణి, రైల్లో కిటికీ పక్కన కూర్చునే ఉండి, గైర్హాజరు.

మా పేటలో లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. నాకు పుస్తకాల పేర్లు తెలియవు, రాసినవాళ్ళూ తెలియరు. అందుకని బీరువా ముందు నిలబడి పుస్తకాల వీపులు ఎంత లావున్నాయో కొలిచేవాణ్ణి. వేలి మందం దాటితే ముట్టుకునేవాణ్ణి కాదు. లైబ్రేరియన్ రెండు వారాలు ఓపిక పట్టి, "ఏంటి సార్, బియ్యం ఏరినట్టు ఏరుతున్నారు, ఏం కావాలి?" అన్నాడు. సన్నవి కావాలని చెప్పడానికి సిగ్గేసి, మంచివి కావాలన్నాను. ఆయన మూడు వందల పేజీలది ఒకటి చేతిలో పెట్టాడు. అట్ట లేదు, మొదటి పేజీ లేదు, పేరు తెలిసే దారి లేదు. టీచరుగారు పట్టీలో 'అట్ట లేని పుస్తకం, ఎర్రదారం కుట్టు' అని రాసుకుని సంతకం పెట్టారు. దాన్ని ముగించేసరికి మార్చి వెళ్ళిపోయింది. ఉగాదికి నా లెక్క ఆరు. పక్కసీటాయన ఫోన్ చూసి, ఈ వేగాన వెళ్తే నాకు ఇంకో ఏడేళ్ళు పడుతుందని చెప్పాడు. ఆయన లెక్క తప్పని అరిచాను గానీ ఎంత తప్పో నాకూ తెలియలేదు.

వినే పుస్తకాల సంగతి చెప్పింది మా ఆవిడ. ఎవరో చదువుతుంటే ఫోన్లో వస్తాయట, ఆవిడ పప్పు రుబ్బుతూ వింటోందట, పోయిన నెలలో మూడు అయ్యాయట. మీసం నాది, పుస్తకాలు ఆవిడవి. మర్నాడే చెవుల్లో తీగలు పెట్టుకుని రైలెక్కాను.

"ఇది చెల్లదండీ" అన్నాడు పక్కసీటాయన. "మీరు చదువుతానన్నారు. వింటాననలేదు."

పెట్టె రెండుగా చీలింది. పల్లీలమ్మే ఆవిడ బుట్ట దించి మరీ వాదనలో కూర్చుంది. చివరికి అందరూ పంతులుగారి వైపు చూశారు. ఆయన ఉత్తరీయం సర్దుకున్నారు.

"నేను నలభై ఏళ్ళుగా వ్రతాలు చేయిస్తున్నాను. కథ చదివేది నేను, వినేది వాళ్ళు. చివర ఏం చెప్తాను? చదివినవారికీ విన్నవారికీ ఒకటే ఫలం అని చెప్తాను. విన్నవాళ్ళకి ఫలం లేదంటే ఇన్నాళ్ళూ పీటల మీద కూర్చున్న వాళ్ళందరికీ నేనేం సమాధానం చెప్పుకోవాలండి?"

"మా చర్చిలో కూడా అంతేనండి, పాస్టరుగారు చదువుతారు, మేం వింటాం" అన్నారు టీచరుగారు. తీర్పు అయిపోయింది అనుకుని నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోండి" అన్నారు పంతులుగారు. "విన్నదానికి ప్రసాదం ఉండాలి. వ్రతం చివర ప్రసాదం తీసుకోకుండా లేచి వెళ్ళినవాళ్ళ గతి ఏంటో కథలోనే ఉంది. ప్రసాదం పంచని పుస్తకం విన్నట్టు కాదు."

టీచరుగారు పట్టీలో స్కేలు పెట్టి కొత్త గడి గీశారు, పైన 'ప్ర' అని రాశారు. అప్పటి నుంచి విన్న పుస్తకం అయిపోయినప్పుడల్లా మా ఆవిడ డబ్బా కట్టేది. చలిమిడి, వడపప్పు, రవ్వకేసరి. ప్రేమకథ అయితే కేసరి, చావులున్న కథ అయితే వడపప్పు. పెట్టెలో వాళ్ళు వేమూరు దాటేసరికి నా మొహం చూసి పుస్తకం ఇంకెంతుందో కనిపెట్టడం నేర్చుకున్నారు. ఒకరోజు ముగింపుకి ఇంకా పది నిమిషాలు ఉండగానే డబ్బా ఖాళీ అయింది. ప్రసాదం ముందు, కథ తర్వాత అయితే చెల్లుతుందా అని ఇంకో వాదన. మర్నాడు మళ్ళీ కేసరి చేయించాల్సి వచ్చింది.

నాకు రైల్లో నిద్ర ఎక్కువ. చెవిలో ఎవరైనా మెత్తగా మాట్లాడితే మరీ ఎక్కువ. వేమూరులో కథానాయిక పెళ్ళికూతురు, రేపల్లెలో కళ్ళు తెరిచేసరికి ఆవిడకి మనవలు. ఇది కనిపెట్టి టీచరుగారు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

"కథలో తమ్ముడు ఊరు ఎందుకు వదిలాడో చెప్పండి."

"తమ్ముడున్నాడాండీ?" అన్నాను.

'గై' పడింది. ఇక లాభం లేదని పక్కసీటాయన ఒక ఉపాయం చెప్పాడు. తీగకు రెండు కొసలున్నాయి కదా, ఒకటి ఆయన చెవిలో పెట్టుకుంటాడట, నేను కునుకు తీస్తే మోచేత్తో పొడుస్తాడట. పందెంలో నా మీద నెగ్గాల్సిన మనిషి నన్ను మేలుకొలపడం ఏంటని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. ఆయనకి అసలు కథ మీద మోజు. నేను నిద్రపోతే పొడవడం మానేసి హాయిగా వినేవాడు. రేపల్లె స్టేషనులో ఇద్దరం ఒకే తీగకు వేలాడుతూ దిగేవాళ్ళం. మా ఆఫీసు దాకా అలాగే నడిచేవాళ్ళం, ఒకరు ఆగితే ఇంకొకరూ ఆగాలి. టీ కొట్టు దగ్గర జనం మమ్మల్ని చూసి తప్పుకునేవాళ్ళు.

దసరా సెలవుల్లో బాపట్లలో మా అక్క ఇంటికి వెళ్ళాను. మా బావకి కొబ్బరితోట, వరి, వాటితో పాటు పంటని పాడుచేసేవాటి గురించిన చిన్న పుస్తకాలూ ఉన్నాయి. సుడిదోమ మీద ఒకటి, ఎలుకల మీద ఒకటి, కొబ్బరి కొమ్ముపురుగు మీద ఒకటి, వరిలో కలుపు మీద ఒకటి. ఒక్కొక్కటి ఇరవై నాలుగు పేజీలు. నాకు నిధి దొరికింది. సంచిలో వేసుకుని ఒక్క మధ్యాహ్నంలో నాలుగూ ముగించాను. ఎలుకల పుస్తకం నిజంగా బాగుంది.

రైల్లో మళ్ళీ కోర్టు కూర్చుంది. టీచరుగారు నాలుగింటినీ తిరగేసి ఒకటి మాత్రం ఒప్పుకున్నారు. దారంతో కుట్టింది పుస్తకం, పిన్ను కొట్టింది కరపత్రం, అదీ ఆవిడ తీర్పు. ఎలుకలు నెగ్గాయి, మిగతావి ఓడాయి. ఇంటికెళ్ళి ఈ అన్యాయం చెబుతూ అరుస్తుంటే మా ఆవిడ లేచి వెళ్ళి దబ్బనం, పురికొస తెచ్చింది. పిన్నులు పీకి మూడింటినీ వరసగా కుట్టేసింది. మర్నాడు టీచరుగారు వాటిని అటూ ఇటూ లాగి చూశారు. కుట్టు గట్టిగా ఉంది. చెప్పిన మాట చెప్పినట్టే ఉండాలి కనక మూడు సంతకాలు పెట్టారు. పక్కసీటాయన ఆ మూడూ ఫోన్లో ఎక్కించుకున్నాడు.

ఇలా చెబితే నేను ఏడాదంతా దొంగదారిలోనే నడిచానని అనిపిస్తుంది. చాలావరకు నిజమే. కానీ నవంబరులో ఒకరోజు ఏం జరిగిందంటే, చేతిలో పుస్తకం ఉంది, ఒక ముసలాయన తన సైకిలు అమ్ముకునే కథ. రేపల్లె వచ్చింది, అందరూ దిగారు. నేను దిగలేదు. ఖాళీ పెట్టెలో కూర్చుని సైకిలు ఎవరు కొంటారో తెలిసేదాకా చదివాను. ఊడ్చే ఆవిడ వచ్చి కాళ్ళు ఎత్తమంది, ఎత్తి చదివాను. ఆఫీసుకి అరగంట ఆలస్యం. నాకు అంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో. ఆ సంతోషం పక్కనే కోపం కూడా వచ్చింది. ఏడో తరగతి నుంచి ఇన్నేళ్ళు ఇవన్నీ నాకు లేకుండా పోయాయి కదా అని, ఆ కిటికీ వైపు తిరిగిన మాస్టారి మీద, ఆయన ఎక్కడున్నారో తెలియకపోయినా, గట్టిగా కోపం వచ్చింది.

డిసెంబరు ముప్ఫైకి యాభై రెండు పూర్తయ్యాయి. ఆ రోజు పెట్టెలో నేను కిటికీ పక్కన మీసం దువ్వుకుంటూ కూర్చున్నాను. పక్కసీటాయన ఫోన్నే అద్దం చేసుకుని పై పెదవి తడుముకుంటున్నాడు. పంతులుగారు సరదాకి, అన్నిట్లోకి ఏది బాగుందో ఆ కథ చెప్పమన్నారు. రెండు చెప్పాను. ఒకటి అట్ట లేని పుస్తకం కథ, ఇంకోటి అక్టోబరులో విన్న కథ. ఒకదాంట్లో పడవ నడిపేవాడు పెద్దింటి అమ్మాయి గొలుసు దొరికితే దాచుకోకుండా ఇవ్వడానికి వెళ్ళి దొంగగా దొరికిపోతాడు. ఇంకోదాంట్లో కూడా అంతే.

"ఇదీ అదీ ఒకటేగా" అన్నారు పంతులుగారు.

నేను కాదని వాదించాను. పడవవాడి పేరు చెప్పమన్నారు. చెప్పాను. రెండోదాంట్లో పేరు చెప్పమన్నారు. చెప్పాను, అదీ అదే పేరు. మార్చిలో కళ్ళతో చదివిన పుస్తకాన్నే అక్టోబరులో చెవులతో విని, కొత్త కథ అనుకుని, కేసరి పంచాను. టీచరుగారు ఎర్ర సిరా పెన్ను తీశారు. యాభై ఒకటి.

"ఒక్క రోజుంది కదండీ, ఏదో సన్నది చదివేస్తాను" అన్నాను.

"చదివారని మాకేంటి నమ్మకం?" అన్నాడు పక్కసీటాయన. "ఆ కథ ముందే చదివినట్టు కూడా మీకు తెలియలేదు."

టీచరుగారు ఆలోచించి, చివరి పుస్తకం రేపు సాయంత్రం బండిలో అందరి ముందూ పైకి చదవాలని తేల్చారు. తన బడి నుంచి ముప్ఫై రెండు పేజీల పిల్లల పుస్తకం తెస్తానన్నారు. దారంతో కుట్టిందేనని కూడా చెప్పారు.

ఆ పూట ఇంట్లో అన్నం సహించలేదు. పైకి చదివితే గొంతు బయటపడుతుంది. చదవకపోతే పెదవి బయటపడుతుంది. రెండూ నాకు చావే. మా ఆవిడ పెరుగు వేస్తూ, "గొంతు అందరూ రోజూ వింటున్నదేగా" అంది. మాట్లాడటం వేరు, చదవటం వేరు అన్నాను. అది అబద్ధం కాదు. మాట్లాడేటప్పుడు మాట నాది, కష్టమైన మాట వస్తే పక్కనుంచి పోతాను. చదివేటప్పుడు ఉన్న మాటనే అనాలి.

ముప్ఫై ఒకటి సాయంత్రం బండి రేపల్లెలో కదిలింది. భట్టిప్రోలులో టీచరుగారు ఎక్కి పుస్తకం చేతిలో పెట్టారు. ఒక రైతు గేదెను కొని రైల్లో ఇంటికి తీసుకెళ్ళే కథ. పల్లీలావిడ, కాలేజీ పిల్లలు, పూలబుట్టలవాళ్ళు, అందరూ చుట్టూ చేరారు. చదవడం మొదలుపెట్టాను. 'బ' వచ్చిన చోటల్లా మాట ముక్కులోకి జారింది. ఒకటో పేజీ, రెండో పేజీ. ఎవరూ నవ్వలేదు. పది పేజీలు దాటాక నేనెక్కడున్నానో కాసేపు మరిచిపోయాను. రైతు గేదెకి దుప్పటి కప్పి సీట్లో కూర్చోబెట్టాడు. టిక్కెట్లు చూసే ఆయన వచ్చి, ఈవిడ టిక్కెట్టు ఏదని అడిగాడు. నేను ఆ మాట చదివాను.

పెట్టె పెట్టెంతా గొల్లుమంది.

నేను బాపట్లలో ఏడో తరగతిలో ఉన్నాను. పుస్తకం ఠపీమని మూసి లేచాను.

"నవ్వడానికి పిలిచారా నన్ను?" అని అరిచాను.

అందరూ బిత్తరపోయారు. టీచరుగారు మెల్లగా, "మిమ్మల్ని చూసి కాదండి, గేదెని చూసి" అన్నారు. అర్థమైంది. అర్థమైన కొద్దీ ఇంకా సిగ్గేసింది. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. తెనాలి దాకా అక్కడే ఉన్నాను. నాలుగు పేజీలు మిగిలిపోయాయి.

ప్లాట్‌ఫారం మీద పక్కసీటాయన పరుగున వచ్చాడు.

"నాలుగు పేజీలేగా, అయిపోయినట్టే రాసుకుందామండీ. నేను మీసం పెంచుతాను" అన్నాడు. ఆయన మంచితనానికే అన్నాడు. నాకు జాలిలాగా వినపడింది.

"నాకెవరి దయా అక్కర్లేదు" అని చెప్పి, నేరుగా స్టేషను ఎదుట సెలూనుకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. సగం మీసం తీయమన్నాను. మంగలాయన దువ్వెన పక్కన పెట్టేశాడు.

"సగం తీసి పంపిస్తే చూసినోళ్ళు నా షాపు గురించి ఏమనుకుంటారు సార్? తీస్తే మొత్తం తీస్తా, లేకపోతే లేదు."

ఆయనతో పావుగంట పోట్లాడి ఓడిపోయాను. కత్తి ఆడుతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే పెదవి మీద తెల్లటి గీత ఒకటి, నూలు దారమంత. నేను దాన్ని చాలా పెద్దదిగా గుర్తు పెట్టుకున్నాను. ఇంత గీత కోసం మా అమ్మ పోయేదాకా గ్రహణం వస్తే వంటింటి గడప కూడా తొక్కేది కాదు. ఆవిడ ఉంటే అద్దం ముందుకి తీసుకొచ్చి చూపించేవాణ్ణి. అక్కడే కళ్ళనీళ్ళు వచ్చాయి. కత్తి తగిలిందనుకుని మంగలాయన పటిక రాశాడు.

ఇంటి తలుపు తీసి మా ఆవిడ, "ఎవరు కావాలండీ?" అంది. తర్వాత దగ్గరికి వచ్చి ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. కంచం పెట్టింది.

ఒకటో తారీఖున సెలవు పెట్టాను. రెండో తారీఖున, కరోనా నాటి మాస్కు ఒకటి బీరువాలో దొరికితే తగిలించుకుని రైలెక్కాను. ముగ్గురూ అప్పటికే కూర్చుని ఉన్నారు. బండి కదిలింది. ఎవరూ పందెం మాట ఎత్తలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. వేమూరు వచ్చేసరికి ఊపిరాడక నాకే విసుగొచ్చింది. మాస్కు లాగి జేబులో కుక్కుకున్నాను.

"చూసుకోండి" అన్నాను.

చూశారు. టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"గ్రహణం మొర్రాండీ? మా పెద్దమ్మ కొడుక్కీ ఉంది, సైన్యంలో చేస్తున్నాడు" అన్నారు. అని సంచిలోంచి ఆ పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టారు. "కానివ్వండి. ఇరవై తొమ్మిదో పేజీ."

"ఇప్పుడెందుకండీ? పందెం అయిపోయింది. పట్టీ మూసేశారుగా" అన్నాను.

"పందెం ఎవరిక్కావాలండీ?" అన్నాడు పక్కసీటాయన. గొంతులో విసుగు. "ఆ గేదెని దింపేశారా లేదా? రెండు రోజుల్నుంచీ అదే ఆలోచన. నిన్న ఈవిణ్ణి అడిగితే పుస్తకం ఇవ్వననేశారు."

"మీరు చదువుకోవచ్చుగా టీచరుగారూ, మీ దగ్గరే ఉందిగా" అన్నాను.

"నేనూ చదవలేదండి. మీ గొంతుతో మొదలైంది, మీ గొంతుతోనే వినాలనుకున్నాం" అన్నారావిడ. పంతులుగారు అప్పటికే కళ్ళు మూసుకుని వినడానికి కూర్చున్నారు. పల్లీలావిడ బుట్ట దించి, జరగమని నా మోకాలి మీద తట్టింది.

నేను పుస్తకం తెరిచాను. గేదె దుప్పటిలోంచి మూతి బయటపెట్టి, టిక్కెట్లు చూసే ఆయన చేతిలోని కాగితాలు నమలడం మొదలుపెట్టింది. పెట్టెంతా గొల్లుమంది. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, మళ్ళీ అందుకున్నాను.